వరి విత్తనముల తారతమ్య నిర్ణయము

ఏ వరి విత్తనము మేలని మమ్ము పలువురు ప్రశ్నించుచున్నారు. 1986లో విడుదలయైన సాంబ మసూరి బియ్యము సన్నము, ధర హెచ్చు. కాని సుమారు 150 దినముల పంట, అగ్గితెగులునకు సులభముగా లోనగును. కాటన్‌దొర సన్నాలు సుమారు 120 దినములకే కోతకు వచ్చును.

ధర, పంటకాలము, తెగులు: వీనిలో మీకు ముఖ్యమైనదానికి హెచ్చుగా, తక్కినవానికి తగ్గించి, ఒక్కొక్క విత్తనమునకు మార్కులు వేసి కూడుడు. పిదప కాలువ నీరు నెల ముందుగనే నిలిచిపోవునని తలచి మరల వేయుడు. రెండు లెక్కలలోను మొదట నిలిచినదానిని నిస్సంశయముగా విత్తుడు. స్థానములు తారుమారైనచో, మంచికాలమున మిక్కిలి రాబడి యిచ్చుదానికన్న, చెడుకాలమున తక్కువ నష్టము కలిగించుదానినే మేము మేలందుము. నీరు రాకున్నను సంఘపు అప్పు వాయిదా వచ్చును గదా!