ముందు బిగింపు, ఆ తర్వాతే రంగు

ప్రశ్న: స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ కిట్ కొన్నాను. ముందు బాడీకి రంగేసి, ఆరాక భాగాలు బిగించవచ్చా?

జవాబు: తొందరపడకండి. రంగు వేయకముందే నెక్, బ్రిడ్జి బిగించి, రెండు చివరి తీగలు కట్టి చూడండి. కిట్లలో రంధ్రాలు కాస్త అటూఇటూ పడటం మామూలే. ఈ గిటార్‌లో నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు 324 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి బ్రిడ్జి శాడిల్‌కు అంతకంటే కొద్దిగా ఎక్కువ ఉండాలి. లేకపోతే ఎంత శ్రుతి చేసినా పై ఫ్రెట్లలో అపస్వరమే. తీగలు నెక్ అంచుల నుంచి సమదూరంలో ఉన్నాయో లేదో కూడా చూడండి. తేడా ఉంటే పాత రంధ్రాలు చెక్కముక్కతో, జిగురుతో పూడ్చి కొత్తవి వేయాలి. రంగేశాక ఆ పని చేస్తే మచ్చ మిగులుతుంది.

రెండుసార్లు బిగిస్తే మరలు వదులవుతాయనీ, గీతలు పడతాయనీ మీకు అనిపించవచ్చు. మరకు కాస్త మైనం రాసి చేత్తోనే తిప్పితే చెక్క చెడదు. గీతలు 240, 320 నంబర్ల గరుకు కాగితంతో పోతాయి. తర్వాత అన్నీ విప్పి, నెక్ కూర్చునే గుంటకు టేపు అంటించి, పల్చటి పూతలు వేయండి. వాసన పోయేదాకా మళ్లీ బిగించకండి.

నెక్ మెలి తిరిగినా, ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నా సొంతంగా అరగదీయవద్దు; గిటార్లు బాగుచేసేవారికి చూపించండి.