రుద్రభూమి: మరచిన బాధ్యత

వీరశైవునకు కలుగునది మరణము కాదు, లింగైక్యము. ఈ మాటను మనము తరచుగా పలుకుచున్నాము. కాని లింగైక్యమొందినవారిని ఉంచిన నేలను గూర్చి తలంచువారు అరుదు. పెక్కు గ్రామములలో మన రుద్రభూమి తుమ్మచెట్లతో నిండి, హద్దురాళ్ళు పోయి, ప్రక్క పొలము నాగలికి కొంచెము కొంచెముగా లోబడుచున్నది. ఎవరైన ఐక్యమైన దినమున తప్ప అటు పోవువారు లేరు.

మన క్రియావిధానమును ఒకమారు స్మరింతము. దేహమునకు స్నానము చేయించి, విభూతి ధరింపజేసి, పాడెపై పరుండబెట్టక, అలంకరించిన విమానమునందు కూర్చుండబెట్టి కొనిపోవుదుము. గోతి త్రవ్వి, దాని ప్రక్కగోడలో గూడు తొలిచి, అందు పద్మాసనమున ఆసీనులను చేయుదుము. కొన్ని ప్రాంతములలో గోతి కొలతను ఐక్యమైనవారి పాదముతోనే కొలుచు ఆచారము కలదు. జంగమమూర్తి మంత్రము చెప్పుచుండగా, జీవితాంతము ధరించిన ఇష్టలింగమును ఎడమ అరచేతిలో ఉంచి, బిల్వపత్రితోను, విభూతితోను, ఉప్పుతోను పూడ్చి, మన్ను కప్పుదురు. స్త్రీకైనను పురుషునికైనను విధి ఇదియే.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. ఇష్టలింగము తిరిగి ఇంటికి రాదు. తండ్రి లింగమును కుమారుడు ధరింపడు. అనగా తరతరముల పూజలందుకొన్న లింగములు ఆ మట్టిలోనే ఉన్నవి. పొలము గట్టు జరిపినవాడు జరిపినది మట్టిని మాత్రమే కాదు.

మరి ఈ అలక్ష్యమేల? శ్మశానమన్న భయమును, అశౌచమన్న భావనను మనము ఇరుగుపొరుగు నుండి తెచ్చుకొంటిమి. బసవాది ప్రమథులు పంచసూతకములను త్రోసివేసిరి. వానిలో మరణసూతకము ఒకటి. సూతకము లేదని చెప్పుచునే, ఆ నేలపై కాలు మోపుటకు జంకుట మన ఆచారమునకు తగదు.

కొందరు వేరొక శంక చెప్పుదురు: "స్థావరము చెడును, జంగమము చెడదు అన్నది బసవన్న బోధ గదా, సమాధులను కాపాడనేల?" ఈ శంక త్రోసివేయదగినది కాదు. గోరీలు కట్టి పూజింపుమని ఎవరును చెప్పుటలేదు. పెద్ద రాతికట్టడములతో స్థలము నింపుట రేపటివారికి అన్యాయమని నా అభిప్రాయము. కాని రుద్రభూమి రక్షణ రాతికి చేయు సేవ కాదు, రేపు ఐక్యము కాబోవువారికి చేయు దాసోహము.

కృష్ణా మలప్రభల సంగమమైన కూడలసంగమమున బసవన్న ఐక్యస్థలమునకే ముప్పు వచ్చినది. 1982లో పూర్తియైన నారాయణపురము ఆనకట్ట నీరు అచటి వరకు నిలిచెను. దాని చుట్టును బావివంటి కట్టడము నిర్మించి, దిగువకు మెట్లు ఏర్పరచుటచే అది నిలిచియున్నది. ఎవరో పూనుకొనిరి గనుక నిలిచినది. మన ఊరి రుద్రభూమికి పూనుకొనువారెవరు?

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామములందు వైకుంఠధామములు వెలసినవి. దహనవేదికలు, స్నానపు గదులు అందు కలవు. మేలైన పనియే. అయితే దహనవేదిక మనకు అక్కరకు రాదు. మనకు వలసినది త్రవ్వుటకు తగిన నేల. పంచాయతీకి అర్జీ వ్రాయునపుడు ఈ భేదమును స్పష్టముగా తెలుపవలెను. పట్టణములకు తరలిన కుటుంబముల కష్టము ఇంతకన్న పెద్దది. చోటు దొరకక దహనమునకు తలయొగ్గినపుడు, ఇష్టలింగమును ఏమి చేయవలెనని ఇల్లాలు అడిగిన, చెప్పువారు లేరు.

కావున ప్రతి గ్రామ సంఘమును మొదట పహాణీలోను, ఆంధ్రప్రాంతమున అడంగలులోను, గ్రామ నక్షాలోను మన రుద్రభూమి ఏ సర్వే నంబరున ఏ పేర నున్నదో చూడవలెను. నమోదు లేనిచో తహసీల్దారునకు అర్జీ పెట్టి, కొలిపించి, రాళ్ళు నాటింపవలెను. క్రొత్త స్థలము అడుగునపుడు నేలను కూడ చూడవలెను. నల్లరేగడిలో వానకాలమున గోతి ప్రక్కగోడ జారును, తొలిచిన గూడు నిలువదు. నీరు నిలువని గట్టినేల మేలు. గూడు తొలుచుట తెలిసిన ముసలివారు ఊరిలో ఇంకను ఉన్నచో, ఈ ఏడే ఇద్దరు యువకులను వారి వెంట పంపవలెను.