ఉక్కు ఊరి నుంచి మంచు మైదానానికి

మనలో చాలామందిమి మైత్రీబాగ్‌కి వెళ్లి తెల్ల పులిని చూసి వచ్చినవాళ్లమే. ఆ తోటకు ‘మైత్రి’ అనే పేరు ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించామా? అది భారతదేశానికీ సోవియట్ దేశానికీ మధ్య ఉన్న స్నేహానికి గుర్తు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం రెండు దేశాలు 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన తెలుగువారి విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా సోవియట్ సహకారం అందింది.

ఆ దేశంలోనూ మన భిలాయిలాంటి ఊరు ఒకటి ఉంది. దాని పేరు మాగ్నితోగోర్స్క్. అయస్కాంత గుణమున్న ఇనుప రాయి దొరికే కొండ పక్కన వెలసింది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఉరల్ నదికి ఒక ఒడ్డున యూరప్, మరో ఒడ్డున ఆసియా. ఊరు రెండు ఒడ్డులా విస్తరించి ఉంది. ఆ ఊరి ఉక్కు కర్మాగారంలో పనిచేసిన ఒక కార్మికుడి కొడుకు గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. అతని పేరు ఎవ్‌గెనీ మాల్కిన్. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఐస్ హాకీ ఆటగాడు.

ఐస్ హాకీ అంటే ఏమిటి?

ఇది మనం ఆడే హాకీకి దూరపు చుట్టం. గడ్డి మైదానం బదులు గడ్డకట్టిన మంచు, మామూలు బూట్ల బదులు అడుగున ఉక్కు పట్టీ ఉన్న స్కేట్లు, బంతి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటాయి. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టు నుంచి ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. ఇందులో ఒక మంచి పద్ధతి ఉంది. గోల్ కొట్టినవాడికే కాదు, ఆ గోల్‌కి పక్ అందించినవాళ్లకు కూడా ఒక్కో పాయింటు ఇస్తారు. ఈ సంగతి గుర్తుంచుకుందాం, చివర్లో మనకు అవసరమవుతుంది.

ఉండాలా, వెళ్లాలా?

మాల్కిన్ 1986 జూలై 31న పుట్టాడు. మూడేళ్ల వయసులోనే స్కేట్లు కట్టుకున్నాడు. పెద్దయ్యాక సొంతూరి జట్టు ‘మెటలర్గ్’లో చేరాడు. ఆ పేరుకు అర్థం లోహకారుడు. ఉక్కు ఊరికి తగిన పేరే! 2004లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. చిత్రమేమిటంటే పిట్స్‌బర్గ్ కూడా ఉక్కుకు పేరుపొందిన నగరమే.

అయితే సొంత జట్టు అతన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. 2006 ఆగస్టులో మాల్కిన్ మరో ఏడాది అక్కడే ఆడతానని సంతకం చేశాడు. కొద్ది రోజులకే జట్టుతో ఫిన్లాండ్ వెళ్లినప్పుడు, హెల్సింకిలో ఎవరికీ చెప్పకుండా జట్టును విడిచి అమెరికా చేరుకున్నాడు. ఒత్తిడి తెచ్చి తనతో సంతకం చేయించారని అతను చెప్పాడు. పెంచి పెద్ద చేసిన జట్టుకు మాత్రం అది బాధ కలిగించింది. వాళ్లు న్యాయస్థానానికి వెళ్లినా ఫలితం దక్కలేదు. ఎవరిది తప్పు అని తేల్చడం సులభం కాదు.

కొత్త ఊళ్లో ఒక ఇల్లు

పిట్స్‌బర్గ్ చేరేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. ఇంగ్లీషు దాదాపు రాదు. అప్పుడు అదే జట్టులో ఆడుతున్న సెర్గేయ్ గొంచార్ అనే రష్యన్ ఆటగాడు అతన్ని తన ఇంట్లో పెట్టుకున్నాడు. గొంచార్‌ది మాగ్నితోగోర్స్క్ ఉన్న చెల్యాబిన్స్క్ ప్రాంతమే. ఇంటి భాష, ఇంటి మనుషులు దొరకడంతో మాల్కిన్ కుదుటపడ్డాడు. ఆడిన మొదటి ఆరు మ్యాచ్‌లలోనూ గోల్ కొట్టాడు. అంతకుముందు దాదాపు 90 ఏళ్లుగా ఆ లీగ్‌లో ఎవరూ అలా చేయలేదు.

2008-09లో 35 గోల్స్ కొట్టి, మరో 78 గోల్స్‌కి పక్ అందించి, మొత్తం 113 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ ఏడాదే పెంగ్విన్స్ స్టాన్లీ కప్ గెలిచింది. 2016, 2017లలో మళ్లీ గెలిచింది. 2012లో అతను లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. 2024 అక్టోబరులో 500వ గోల్ కొట్టాడు.

సొంతూరి మాటేమిటి? 2012లో అమెరికా లీగ్ కొన్ని నెలలు ఆగిపోయినప్పుడు అతను మాగ్నితోగోర్స్క్ వెళ్లి, తాను విడిచివెళ్లిన మెటలర్గ్ జట్టుకే ఆడాడు. ఊరు అతన్ని మరచిపోలేదు, అతనూ ఊరిని మరచిపోలేదు.

మన సంగతి

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే టీసీ తీసుకుని, సామాను లారీకెక్కించి బయలుదేరడం మనకు అలవాటే. కొత్త బడిలో మొదటి రోజు మన భాష మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కున్నవాళ్లమే. మాల్కిన్ చేసిన 78 సాయాలకూ పాయింట్లు వచ్చాయి. గొంచార్ చేసిన సాయం ఏ పాయింట్ల పట్టికలోనూ లేదు, కానీ అదీ అంత విలువైనదే. రేపు మన తరగతిలోకి కొత్త విద్యార్థి వస్తే, బెంచీ మీద పక్కకు జరిగి చోటిద్దాం.

ఆలోచించండి - చెప్పండి

1. మైత్రీబాగ్‌కు ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. 2008-09లో మాల్కిన్ పాయింట్లలో గోల్స్ ఎక్కువా, అందించినవి ఎక్కువా? ఎంత తేడా?
3. 2006లో మాల్కిన్ చేసిన పని సరైనదేనా? జట్టు వైపు నుంచి ఒక కారణం, మాల్కిన్ వైపు నుంచి ఒక కారణం రాయండి.
4. కొత్త ఊరికి వచ్చినప్పుడు మీకు మొదట సాయం చేసినవారి గురించి ఐదు వాక్యాలు రాయండి.