కీ నొక్కితే పడవ ఆగి ఆగి పోతోందేం?

ప్రశ్నలు - జవాబులు

బొమ్మను కీబోర్డుతో కదిలించడం గురించి వైరా చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నలకే ఈసారి చోటంతా ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగ్గా ఉంటుంది. తర్వాతి చిక్కుల్లో సగం దానితోనే విడిపోతాయి.

ప్రశ్న: సార్, మాది వైరా. ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాను. మా రిజర్వాయర్ మీద పడవ నడిపే ఆట స్క్రాచ్‌లో చేస్తున్నాను. కుడి బాణం కీ నొక్కి పట్టుకుంటే పడవ ఒక్కసారి జరిగి, కాస్త ఆగి, ఆ తర్వాత టకటకా పోతోంది. పై బాణం, కుడి బాణం కలిపి నొక్కితే ఏటవాలుగా పోకుండా ఒక వైపే పోతోంది. మా కంప్యూటర్ పాతది. దానివల్లేనా?

జవాబు: కంప్యూటర్ తప్పేం లేదమ్మా. నోట్‌ప్యాడ్ తెరిచి ఏదైనా అక్షరం కీ నొక్కి అలాగే పట్టుకుని చూడు. ముందు ఒక్క అక్షరం పడుతుంది, చిన్న విరామం, ఆ తర్వాత వరసపెట్టి పడుతుంటాయి. టైపు చేసేటప్పుడు వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆనినంత మాత్రాన అక్షరం రెండుసార్లు పడకుండా విండోస్‌లో ఉన్న ఏర్పాటది. ఆ విరామాన్ని సుమారు పావు సెకను నుంచి ఒక సెకను దాకా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. నువ్వు వాడిన ‘ఫలానా కీ నొక్కినప్పుడు’ అనే బ్లాక్ ఈ వరసనే వింటుంది. రెండో కీ నొక్కగానే మొదటి కీ వరస తెగిపోతుంది. ఏటవాలుగా పోకపోవడానికి కారణం అదే.

పడవను కీ కదిలించకూడదు, నీ ప్రోగ్రామే కదిలించాలి. ఆ కీ ఈ క్షణాన నొక్కి ఉందా లేదా అని అడగడం వరకే కీబోర్డుతో పని. పచ్చజెండా బ్లాక్ కింద ‘ఎప్పటికీ’ బ్లాక్ పెట్టు. దాని లోపల నాలుగు ‘అయితే’ బ్లాకులు ఉండాలి. కుడి బాణం నొక్కి ఉంటే ఎక్స్‌కు 4 కలుపు, ఎడమైతే 4 తియ్యి, పైకీ కిందికీ వై విషయంలో అలాగే. నాలుగూ విడివిడిగా ఉండాలి సుమా. ‘అయితే - లేకపోతే’ అని ఒకదానిలో ఒకటి ఇరికిస్తే మొదటికొస్తుంది. స్క్రాచ్ ఈ చుట్టును సెకనుకు 30 సార్లు తిప్పుతుంది. అంటే పడవ సెకనుకు 120 అడుగులు పోతుంది. వేదిక వెడల్పు 480 కాబట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగు సెకన్లు.

ఇప్పుడు ఏటవాలుగా పోతుంది, కానీ ఎక్కువ వేగంగా పోతుంది. టెన్త్‌లో చదివిన పైథాగరస్‌ను గుర్తు చేసుకో. పక్కకు 4, పైకి 4 అయితే అసలు దూరం 5.66. ఆడేవాళ్ళు ఈ కిటుకు ఇట్టే పట్టేసి ఎప్పుడూ మూలగానే పోతుంటారు. రెండు కీలు కలిసి నొక్కి ఉన్నప్పుడు 4 బదులు 2.8 వాడు, సరిపోతుంది.

కట్ట దగ్గర పడవ ఆగాలని కూడా రాశావు. కట్టకు ఒక ప్రత్యేకమైన రంగు వెయ్యి. ముందు ఎక్స్ మార్చు, కట్ట రంగు తగిలితే ఆ మార్పు వెనక్కి తీసెయ్యి. ఆ తర్వాతే వై మార్చు, మళ్ళీ తగిలిందేమో చూడు. రెండూ ఒకేసారి మార్చి ఒకేసారి చూస్తే పడవ కట్టకు అతుక్కున్నట్టు నిలబడిపోతుంది. విడిగా చూస్తే కట్ట వెంబడి జారుతూ సాగుతుంది.

ఇంకో మెట్టు ఎక్కాలనుంటే ఇది చేసి చూడు. అసలు పడవ తెడ్డు ఆపగానే నిలబడిపోదు కదా. ‘వేగం’ అని ఒక వేరియబుల్ పెట్టు. ప్రతి చుట్టులోనూ దాన్ని 0.9తో గుణించు, కుడి కీ నొక్కి ఉంటే 0.4 కలుపు, ఎడమైతే 0.4 తియ్యి, ఆ వచ్చిన వేగాన్ని ఎక్స్‌కు కలుపు. పడవ మెల్లగా ఊపందుకుని 4 దగ్గర నిలకడ పడుతుంది. కీ వదిలాక సెకను గడిచేసరికి దాదాపు ఆగుతుంది. ఈ రెండు అంకెలూ అటూ ఇటూ మార్చి చూడు. 0.9ని 0.97 చేస్తే ఎంత తేడా వస్తుందో నీ వేళ్ళకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, నేను తల్లాడ నుంచి. డిప్లొమా చదువుతున్నాను. టర్బో సీలో బాణం కీలతో చుక్కను జరపాలి. గెట్‌సీహెచ్ వాడితే పై బాణానికి హెచ్, కింది బాణానికి పి అని పడుతున్నాయి. పెద్ద హెచ్ అక్షరం కొట్టినా చుక్క పైకే పోతోంది!

జవాబు: తమ్ముడూ, బాణం కీ నొక్కితే ఒక అంకె కాదు, రెండు వస్తాయి. మొదటిది సున్నా. ‘ఇది అక్షరం కాదు’ అని చెప్పడానికే అది వస్తుంది. రెండోది అసలు సంగతి: పైకి 72, కిందికి 80, ఎడమకు 75, కుడికి 77. అక్షరాల పట్టికలో 72 అంటే హెచ్, 80 అంటే పి. మొదటి సున్నాను పట్టించుకోకుండా వదిలేశావు కాబట్టి నీకు హెచ్ కనిపిస్తోంది. సున్నా వస్తేనే గెట్‌సీహెచ్‌ను రెండోసారి పిలువు. కొత్త విండోస్ కంపైలర్లలో సున్నా బదులు 224 వస్తుంది, ఆ మాట గుర్తుంచుకో.

కీ ఏదైనా నొక్కారా అని కేబీహిట్‌తో ముందు అడగకుండా గెట్‌సీహెచ్‌ను పిలిస్తే ప్రోగ్రాం అక్కడే కాచుక్కూచుంటుంది. తెరమీద మిగతావన్నీ బిగుసుకుపోతాయి. కీ వదిలాక కూడా చుక్క కాసేపు పోతోందంటే, డాస్ కింద 15 నొక్కులు దాచుకునే అర ఒకటి ఉందన్నమాట. ప్రతి చుట్టులోనూ కేబీహిట్ ఉన్నంతసేపూ చదివేసి, చివరి నొక్కునే లెక్కలోకి తీసుకో.

టర్బో సీ 1987 నాటిది. కీ ఎప్పుడు వదిలారో ఈ గెట్‌సీహెచ్ దారిలో తెలిసే వీలు లేదు. ల్యాబ్ రికార్డుకు అది తప్పకపోతే రాసెయ్యి. కానీ నీ తెలివిని దానికే కట్టిపడెయ్యకు. ఇంటి దగ్గర పైథాన్, పైగేమ్ ఉచితంగా వేసుకుని ఇదే చుక్కను మళ్ళీ జరుపు. మన కాలేజీల్లో పిల్లలకు ఈనాటి పనిముట్లు ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: కొణిజర్ల నుంచి కంప్యూటర్ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలు పైగేమ్‌లో చేసిన ఆట ఒక కంప్యూటర్‌లో పరుగెడుతోంది, ఇంకోదానిలో నత్తనడక. సెకన్లతో గుణించమంటే గుణించారు. ఇప్పుడు బొమ్మ ఎడమకు వేగంగా, కుడికి నెమ్మదిగా పోతోంది.

జవాబు: మాస్టారూ, సగం దారి సరిగ్గానే వచ్చారు. వేగాన్ని ఫ్రేముకు ఇన్ని చుక్కలని కాకుండా సెకనుకు 200 చుక్కలని పెట్టుకుని, గడిచిన కాలంతో గుణించడమే పద్ధతి. 16 మిల్లీసెకన్లు గడిస్తే 3.2 చుక్కలు. చిక్కంతా ఆ 0.2 దగ్గరుంది. పైగేమ్‌లోని రెక్ట్ పూర్ణాంకాలనే దాచుకుంటుంది, మిగిలింది కోసేస్తుంది. 100 దగ్గరున్న బొమ్మ కుడికి జరిగితే 103.2 రావాలి, 103 అవుతుంది. ఎడమకు జరిగితే 96.8 రావాలి, 96 అవుతుంది. కుడికి మూడు, ఎడమకు నాలుగు! స్థానాన్ని విడిగా దశాంశాలతో ఒక వేరియబుల్‌లో ఉంచి, గీసేముందు మాత్రమే రెక్ట్‌కు ఇమ్మని చెప్పండి. ఈ లెక్కను బోర్డు మీద పిల్లల చేతే వేయించండి. స్క్రాచ్ నుంచి వచ్చిన పిల్లలైతే పైగేమ్‌లో వై కిందికి పెరుగుతుందని కూడా ముందే చెప్పాలి.

ప్రశ్న: ఏన్కూరులో డీటీపీ పని చేస్తుంటాను. బ్రౌజర్‌లో నడిచే చిన్న ఆట రాశాను. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలతో బొమ్మ కదలాలి. ఒక్కోసారి అసలు కదలడం లేదు.

జవాబు: అక్కా, ఆ ఒక్కోసారి మీ కీబోర్డు తెలుగులో ఉండి ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ కీ నొక్కితే ఐత్వం పడుతుంది. మీ ప్రోగ్రాం డబ్ల్యూ అక్షరం కోసం చూస్తుంటే అదెప్పటికీ రాదు. జావాస్క్రిప్ట్‌లో ‘కీ’ అన్నది పడిన అక్షరాన్ని చెబుతుంది, ‘కోడ్’ అన్నది నొక్కిన మీట ఎక్కడుందో చెబుతుంది. కదలికకు ఎప్పుడూ ‘కోడ్’నే అడగండి. క్యాప్స్ లాక్ బెడద కూడా దాంతోనే పోతుంది. తెలుగులో టైపు చేసేవాళ్ళు ఆడతారన్న ఆలోచన చాలామంది ఆటలు రాసేవాళ్ళకు రాదు.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఇవన్నీ నేర్చుకుంటానంటాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది. - ఒక తల్లి, వైరా

జవాబు: మొదలుపెట్టడానికి ఫోన్ చాలమ్మా. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఓటీజీ ముక్క తగిలిస్తే మామూలు యూఎస్‌బీ కీబోర్డు పనిచేస్తుంది. ముక్క కొనేముందు షాపులోనే మీ ఫోన్‌కు పెట్టి చూపించమనండి. ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 వేసుకుంటే పైథాన్ రాయొచ్చు, పైగేమ్ కూడా నడుస్తుంది. స్క్రాచ్‌లో బ్లాకులు పేర్చడానికి ఫోన్ తెర చాలదు, దాన్ని బడి ల్యాబ్‌కు వదిలెయ్యండి. వారానికి ఒక పీరియడ్ ల్యాబ్ దొరికినా చాలు. ఏ కీ నొక్కితే ఎక్స్ ఎంత మారాలి, గట్టు తగిలితే ఏం చెయ్యాలి అన్నది ముందురోజే నోటుబుక్కులో రాసుకుని వెళ్ళమనండి. ల్యాబ్‌లో ఆ పీరియడంతా పేర్చడానికీ, నడిపి చూడడానికీ మిగులుతుంది.