ఇంద్రకీలాద్రి నీడను తెలుగు పద్యము

కృష్ణానది కొండలనడుమనుండి మైదానమునకు దిగుచోట, ఉత్తరపుటొడ్డున ఇంద్రకీలాద్రి నిలిచియున్నది. అర్జునుడు తపమొనర్చి శివునివలన పాశుపతాస్త్రమును పొందినది ఈ కొండమీదనే యని స్థలపురాణము. దసరానాళ్లలో కనకదుర్గమ్మ దర్శనమునకై లక్షలకొలది జనులు దీని నెక్కుదురు. వారిలో ఈ కొండనీడను వెలసిన తెలుగు పద్యములను తలచువారు మిక్కిలి కొలదిమంది.

బెజవాడ మల్లేశ్వరాలయమునకు చెందిన ఒక రాతికంబముపై ఐదు తెలుగు పద్యములు చెక్కబడియున్నవి. అవి తూర్పు చాళుక్యరాజగు రెండవ యుద్ధమల్లునివి. కాలము క్రీ. శ. 930 ప్రాంతము. నన్నయభట్టు భారతరచనకు పూనుకొనుటకు అప్పటికింకను నూఱేండ్లకు పైగా గడువవలసియుండెను. ఈ శాసనమును పరిష్కరించి ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులుగారు.

పద్యములు చెప్పు కథ ముచ్చటైనది. చేబ్రోలులోని కుమారస్వామి జాతర చూచుటకు బెజవాడకు వచ్చెనట. ఊరు నచ్చి ఇక్కడనే నిలిచిపోయెనట! ఆ స్వామికి గుడియు మఠమును ఏర్పడినవి. ఆ మఠమున గొరగలను శైవులు తప్ప ఇతరులు విడిది చేయరాదనియు, చేసినచో వారణాసిని చెఱచిన పాపము తగులుననియు రాజు కట్టడి చేసెను. దేవుని కథ చెప్పినంత తీయగా రాజాజ్ఞయు పద్యములోనే యిమిడినది.

ఈ పద్యముల ఛందస్సు మధ్యాక్కర. అక్కరలు సంస్కృతమునుండి వచ్చినవి కావు, దేశి ఛందస్సులు. కన్నడమునందును ఇవి కలవు. మధ్యాక్కర పాదమున రెండు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మరల రెండు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. వేళ్లపై లెక్కించి చూచినచో పాదము సరిగా రెండు సమభాగములగుట తెలియును. శాసనములో యతి ఐదవ గణపు మొదట పడినది.  గ్రంథములు లేని కాలమున ఇట్టి పదములు జనుల నోళ్లలో నలిగినవనుటకు ఈ తూకమే సాక్ష్యము. అంతకుముందు, క్రీ. శ. 848 ప్రాంతమున, పండరంగని అద్దంకి శాసనమునను దేశి ఛందస్సగు తరువోజయే కనబడును.

నన్నయయు మధ్యాక్కరలు వ్రాసెను. ఆయనయు యతిని ఐదవ గణముననే నిలిపెను. ఎఱ్ఱన దానిని నాలుగవ గణమునకు తెచ్చెను.

రాతిపై ఆ పద్యములు చెక్కబడిన వేయేండ్లకు, అదే బెజవాడలో నివసించిన విశ్వనాథ సత్యనారాయణగారు ఈ ఛందస్సులోనే శతకములు రచించిరి. ఆ గ్రంథమునకు, అనగా ‘విశ్వనాథ మధ్యాక్కఱలు’ అను దానికి, 1962లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.