గెలిచిన కేసు, తీరని కసి

కోడుమూరు

చిరంజీవి అబ్బాయికి పెదనాయన దీవించి రాయునది.

గట్టు కేసులో తీర్పు మనవైపే వచ్చినా నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. బోనులో నిన్ను అవతలి వకీలు అడిగిన ప్రశ్నలకు కోర్టులో జనం నవ్వారనీ, అవతలివాళ్ల బోరులో రాళ్లు పోస్తానని అంటున్నావనీ కూడా చెప్పింది. ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

హార్పర్ లీ రాయగా 1960లో అచ్చయిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో బాబ్ యూయెల్ అనేవాడున్నాడు. 1930లలో అలబామాలోని మేకోంబ్ అనే ఊరి కథ. తన కూతురిని టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ చెరిచాడని యూయెల్ అబద్ధపు కేసు పెడతాడు. టామ్ ఎడమ చెయ్యి పనిచేయదనీ, ఆ పిల్లను కొట్టింది ఎడమచేతివాటం వాడనీ వకీలు ఆటికస్ ఫించ్ అందరి ముందూ తేటతెల్లం చేస్తాడు. అయినా తెల్లవాళ్ల జ్యూరీ టామ్‌కే శిక్ష వేసింది. యూయెల్ గెలిచాడు. కానీ కూతురిని కొట్టింది ఎవరో ఊరికంతా తెలిసిపోయింది. అతనికి మంట అక్కడ.

ముందు ఆటికస్ ముఖం మీద ఉమ్మాడు. అంతటితో వాడి కసి తీరిపోయిందనుకున్నాడు ఆటికస్. అంత తెలివైన మనిషి అంచనా కూడా తప్పింది. తర్వాత జడ్జి ఇంటి వెనక రాత్రిపూట తచ్చాడడం. ఆ తర్వాత, పనికి నడిచిపోయే టామ్ భార్యను దారిపొడుగునా వెంటాడడం. చివరికి బడిలో నాటకం ముగించుకుని చీకట్లో ఇంటికొస్తున్న ఆటికస్ పిల్లల మీద కత్తితో పడ్డాడు. పిల్లాడి చెయ్యి విరిగింది, యూయెల్ ప్రాణం పోయింది. వరస చూడు: వకీలు, జడ్జి, దిక్కులేని ఆడమనిషి, పిల్లలు. కసి పెరిగేకొద్దీ తనకంటే బలహీనులనే వెతుక్కుంటూ పోయాడు.

వామికి నిప్పు పెట్టడం, రాత్రికి రాత్రి తోట నరకడం మన సీమకు కొత్త కాదు. మేత లేక అల్లాడేది ఎద్దులు. కోర్టులో ప్రశ్నలడిగిన వకీలుకు ఏమీ కాదు. నువ్వు రాళ్లు పోస్తానంటున్న బోరు నీళ్లు కూడా ఆ వకీలు తాగేవి కావు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకుండా విను. మీ నాయన ఆ గట్టును రెండు సాళ్లు అవతలికి జరిపి దున్నిన మాట నిజం. వకీలు దాన్ని తాకబట్టే నీకు అంత గుచ్చుకుంది. తీర్పు కాగితం చేతిలో ఉందిగదా అని ఆ నిజాన్ని దాచుకోవద్దు. సర్వేయరు వచ్చిన రోజు అవతలి ఆయన్ని నువ్వే పోయి పిలువు, ఆ రెండు సాళ్లూ వదిలి రాళ్లు పాతించు. పొలం కాస్త తగ్గుతుంది, తగ్గనీ.

వాళ్ల పిల్లలు బడికి పోయే కాలిబాటకు అడ్డంగా ముళ్లకంప వేయించావంట గదా. ఉత్తరం అందిన రోజే తీసెయ్.

ఇట్లు,
మీ పెదనాయన