జాబితా నుండి నివేదికకు: సరైన కనెక్టర్ ఎంపిక

గువాహటి, విజయవాడ, తిరువనంతపురం నగరాలలోని శాఖా కార్యాలయాలు ఒకే ఆన్‌లైన్ జాబితాలో ఖర్చుల వివరాలు నమోదు చేస్తున్నాయనుకొందాం. వాటి ఆధారంగా ఢిల్లీలోని ప్రధాన కార్యాలయం వార్షిక నివేదికను రూపొందించాలి. పూర్వం ఇటువంటి వివరాలను గుమాస్తాలు కాగితాలపై కూడేవారు. నేడు ఆ పనిని కంప్యూటరు నిర్వహిస్తున్నది. జాబితాలోని వివరాలను నివేదికకు చేరవేసే సాధనాన్ని కనెక్టర్ అంటారు. దీని ఎంపికలో పొరపాటు జరిగితే అంకెలు దారిలోనే మారవచ్చు. మారిన సంగతి ఎవరి దృష్టికీ రాకపోవచ్చు.

మైక్రోసాఫ్ట్ సంస్థవారి షేర్‌పాయింట్ జాబితాలను, అదే సంస్థవారి పవర్ బీఐ నివేదికలలోనికి తెచ్చుకొనే పద్ధతిని ఉదాహరణగా తీసుకొందాం.

జాబితా ఎక్కడ ఉన్నది?

కనెక్టర్ ఎంపికకు ఈ ప్రశ్నే పునాది. జాబితా ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ నిర్వహించే సర్వర్లలో ఉంటే ‘షేర్‌పాయింట్ ఆన్‌లైన్ లిస్ట్’ అనే కనెక్టర్‌ను ఎంచుకోవాలి. కార్యాలయపు సొంత సర్వరులో ఉంటే ‘షేర్‌పాయింట్ లిస్ట్’ తగినది. ఈ రెండవ సందర్భంలో, ప్రచురించిన నివేదిక తనంతట తాను తాజా వివరాలు తెచ్చుకొనుటకు గేట్‌వే అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేరు కూడా అవసరమవుతుంది. కావలసినవి జాబితాలోని వరుసలు కాక, అక్కడ భద్రపరచిన ఎక్సెల్ వంటి ఫైళ్లైతే ‘షేర్‌పాయింట్ ఫోల్డర్’ను ఉపయోగించాలి.

కనెక్టర్ అడిగే చిరునామా విషయంలో కొత్తవారు తరచు పొరబడుతుంటారు. అక్కడ ఇవ్వవలసినది జాబితా పుట చిరునామా కాదు. ఆ జాబితా ఉన్న సైటు మూల చిరునామా మాత్రమే.

ఏ వివరాలు వస్తాయి?

ఆన్‌లైన్ లిస్ట్ కనెక్టర్‌లో 1.0, 2.0 అని రెండు విధానాలున్నాయి. 2.0 విధానంలో అన్ని నిలువు వరుసలనూ తెచ్చుకోవచ్చు. లేదా జాబితాకు డిఫాల్టుగా నిర్ణయించిన వీక్షణంలోని వరుసలను మాత్రమే తెచ్చుకోవచ్చు. రెండవది చూచుటకు సులభమే. అయితే ఎవరైనా ఆ వీక్షణం నుండి ఒక నిలువు వరుసను తొలగిస్తే, దానిపై ఆధారపడిన నివేదిక కూడా దెబ్బతింటుంది. పలువురు కలిసి వాడే జాబితాకు అన్ని వరుసలనూ తెప్పించి, అక్కరలేనివాటిని నివేదికలో తొలగించుకొనుట క్షేమకరం.

ఏ కాలమానం ప్రకారం?

అన్నింటికంటె సూక్ష్మమైన చిక్కు తేదీలది. షేర్‌పాయింట్ సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో భద్రపరుస్తుంది. తెరపై మనకు భారత కాలమానమే కనిపించినా, కనెక్టర్‌కు అందే సమయం సాధారణంగా అంతర్జాతీయ కాలమానానిదే. మన కాలం దానికంటె 5 గంటల 30 నిమిషాలు ముందున్నది. కనుక 2025 ఏప్రిల్ 1 అని నమోదైన తేదీ, అనగా ఆనాటి అర్ధరాత్రి 12 గంటలు, నివేదికకు మార్చి 31 సాయంత్రం 6.30 గంటలుగా చేరుతుంది. సమయాన్ని తొలగించి తేదీని మాత్రమే ఉంచితే ఆ ఖర్చు 2024–25 ఆర్థిక సంవత్సరంలో చేరిపోతుంది. మొత్తాల కూడిక సరిగానే ఉంటుంది. సంవత్సరం మాత్రం తప్పుతుంది.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. తేదీ తెలిసిన ఒక నమోదును ముందుగా సరిచూచి, తేడా ఉన్నట్లయితే ఐదున్నర గంటలు కలిపిన తరువాతనే సమయాన్ని తొలగించాలి. గువాహటి నుండి ద్వారక వరకు దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం ఉండుటచేత, ఋతువులనుబట్టి గడియారాలు మార్చే ఆచారం లేకపోవుటచేత, ఈ ఒక్క సవరణ అన్ని రాష్ట్రాలకూ, అన్ని మాసాలకూ సరిపోతుంది.

నివేదికను విడుదల చేసే ముందు వరుసల సంఖ్యను, మొత్తాలను, ఏప్రిల్ 1 నాటి నమోదులను మూల జాబితాతో పోల్చి చూడాలి. దూరప్రాంతంలోని ఉద్యోగి శ్రద్ధతో నమోదు చేసిన అంకె యథాతథంగా ఢిల్లీకి చేరినప్పుడే ఆ నివేదిక విశ్వసనీయమవుతుంది.